లేసు చెయ్యి, స్వెటర్ చెయ్యి

మీ ప్రశ్న చదువుతుంటే ముందు నవ్వొచ్చిందండి, ఆనక జాలేసింది. మీరు చేసిన రెండు తప్పులూ నేనూ చేశాను, అదీ సరిగ్గా అదే వరసలో.

మిగతావాళ్ల కోసం ప్రశ్న కాస్త కుదించి రాస్తాను. ఈవిడది మొగల్తూరు దగ్గర. చిన్నప్పట్నుంచీ అమ్మ పక్కన కూర్చుని హుక్కుతో లేసు అల్లారు, క్రోషే అంటారే, అదే. ఇప్పుడు అదే హుక్కు పనితో తనకోసం ఒక స్వెటర్ అల్లుకుందామని ఊలు కొని మొదలుపెడితే అట్టముక్కలా బిరుసుగా వచ్చింది. సరే అని కాటన్ దారంతో వదులుగా ఇంకోటి అల్లితే, అది ఒక్క ఉతుకుకే తొడల దాకా సాగింది. లేసులో పేరు తెచ్చుకున్న చెయ్యి స్వెటర్ దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఇలా అయిపోతోంది, మన ఎండలకి ఏ దారం పనికొస్తుంది, అల్లినవి అమ్ముకోవచ్చా అని మూడు సంగతులు అడిగారు.

లేసులో పేరున్న చెయ్యి కాబట్టే ఇలా అవుతోందండి.

మన లేసు 19వ శతాబ్దంలో మిషనరీల దొరసానులు నేర్పిన పని. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల అరుగుల మీదే పెరిగింది. 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ పని ఈ ప్రాంతానిదేనన్న ముద్ర కూడా వచ్చింది. బాగానే ఉంది. కానీ ఇన్నేళ్లుగా మన వాళ్లు ఎక్కువగా అల్లినవేంటో చూడండి. టేబుల్ క్లాతులు, మంచం మీద పరిచే దుప్పట్లు, టీవీ మీద కప్పేవి, పళ్లెం కింద వేసేవి. అన్నీ ఏదో ఒకదాని మీద పడుకుని ఉండేవే. గంజి పెట్టి, గుండుసూదులు గుచ్చి ఆరబెడితే పలకలా నిలబడాలి, అదే వాటికి అందం. స్వెటర్ అలా పడుకోదు. రెండు భుజాల మీద నుంచి దాని బరువంతా కిందికి వేలాడుతుంది, మనతో పాటు వంగుతుంది, చెయ్యెత్తితే పైకి లేస్తుంది. లేసుకి ఏ గుణం మంచిదని అమ్మ మనకి నేర్పిందో, ఒంటి మీద బట్టకి అదే దోషం.

ముందు బిరుసు సంగతి చూద్దాం. లేసు అల్లేటప్పుడు దారం చిటికెన వేలికి రెండు చుట్లు చుడతారా మీరు? మా అమ్మ అలాగే చుట్టేది, నేనూ అంతే. 20వ నంబరు, 40వ నంబరు దారానికి ఆ బిగువు కావాలి, లేకపోతే పువ్వు రేకులు ఒక లెక్కన రావు. అదే అలవాటుతో లావు ఊలు పట్టుకుంటే ప్రతి కుట్టూ పక్కదాని గొంతు పట్టుకుంటుంది. ఆ రెండో చుట్టు తీసెయ్యండి. చిటికెన వేలికి ఒక్క చుట్టు, లేదా చుట్టే లేకుండా వేళ్ల మధ్య నుంచి పోనివ్వండి. మొదటి వారం చేతిలో ఏమీ లేనట్టు, దారం జారిపోతున్నట్టు ఉంటుంది. ఉండనివ్వండి.

రెండోది హుక్కు. లేసుకి వాడే ఉక్కు హుక్కులు ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటాయి. ఆ చేతికి 3 మిల్లీమీటర్లంటేనే గునపం పట్టుకున్నట్టుంటుంది. 8 ప్లై ఊలుకి మీ చేతికి 5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి, అప్పటికీ బిగుసుకుంటే ఐదున్నర. ఊలు లేబుల్ మీద 4 అని ఉంటుంది, నిజమే, కానీ ఆ లేబుల్ రాసినాయన మీ చెయ్యి చూసి రాయలేదుగా. ఒక తిరకాసు కూడా గుర్తుపెట్టుకోండి. లేసు దారంలో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. ఊలులో 4 ప్లై, 8 ప్లై అని పెరిగేకొద్దీ లావు. ఇలా తలకిందులుగా అనుకుని కొనుక్కొచ్చినవాళ్లని చూశాను. హుక్కులకి మాత్రం నంబర్లూ ఇంగ్లీషు అక్షరాలూ వదిలేసి మిల్లీమీటర్లే చూసుకోండి.

మూడోది ఎవరూ చెప్పనిది, నాకు కూడా చాలా ఆలస్యంగా అర్థమైంది. హుక్కుని కుట్టులో దూర్చి దారం పైకి తెస్తాం కదా, ఆ మొదటి ఉచ్చుని ఎంత ఎత్తుకి తెస్తున్నామన్నదే మొత్తం కుట్టు ఎత్తుని నిర్ణయిస్తుంది. లేసు చెయ్యి ఆ ఉచ్చుని తెచ్చీ తేగానే కిందికి నొక్కిపెడుతుంది. మీరు ఒకసారి అద్దం ముందు కాదు, ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకోండి. దారం తెచ్చాక మీ మణికట్టు చిన్నగా కిందికి గుంజుతుంది, మీకు తెలీకుండానే. ఆ గుంజుడు మానేసి, ఉచ్చుని కుట్టు తలదాకా తీరిగ్గా పైకి తీసుకొచ్చి, అక్కడ హుక్కు లావుగా ఉండే చోట కూర్చోబెట్టి, అప్పుడు మిగతా కుట్టు పూర్తి చెయ్యండి. నాకు ఈ ఒక్క మార్పుతోనే అదే ఊలు, అదే హుక్కుతో ముక్క మెత్తబడింది. మొదలుపెట్టే గొలుసు మాత్రం ఎంత జాగ్రత్తపడినా బిగుస్తుంది. అందుకని గొలుసు వరకు ఒక సైజు పెద్ద హుక్కుతో అల్లి, తర్వాత మామూలు హుక్కు పట్టుకోండి. లేకపోతే స్వెటర్ కింది అంచు లోపలికి ముడుచుకుని లంగా బొందులా కనిపిస్తుంది.

కుట్టు ఎంపిక కూడా ఉంది. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేది దట్టంగా, గట్టిగా వస్తుంది, బొమ్మలకి, సంచులకి మంచిది. స్వెటర్ మొత్తం దానితో అల్లొద్దు. దానికన్నా ఎత్తుగా వచ్చే హాఫ్ డబుల్ గానీ, డబుల్ గానీ, లేదా వి ఆకారం కుట్టు గానీ పెట్టుకోండి. ఇక్కడే ఇంకో గోతి ఉంది. అమెరికా వాళ్ల సింగిల్ క్రోషేని బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు, అమెరికా డబుల్‌ని బ్రిటన్ వాళ్లు ట్రెబుల్ అంటారు. ప్యాటర్న్, అంటే ఎలా అల్లాలో రాసిన కాగితం, ఏ దేశం మాటల్లో ఉందో చూసుకోకుండా మొదలుపెడితే, కుట్లు సరిగ్గా లెక్కపెట్టి కూడా స్వెటర్ సగం పొడవుకే ఆగిపోవచ్చు. సింగిల్ క్రోషే అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికాది, బ్రిటన్ వాళ్లకి ఆ పేరు లేదు.

ఇప్పుడు సాగిపోయిన కాటన్ స్వెటర్ గురించి. నా కథ చెబుతాను. మా పెద్దాడపడుచు హైదరాబాద్‌లో ఉండేది, ధనుర్మాసంలో ఇక్కడికొస్తే పొద్దున్నే చలి అనేది. ఆవిడకి గంధం రంగు కాటన్‌తో ముందు తెరుచుకునే స్వెటర్ అల్లాను, సుమారు రెండు నెలలు పట్టింది. భోగినాడు తొడుక్కుంది, అందరూ మెచ్చుకున్నారు. పండగయ్యాక ఉతికి, నీళ్లు కారుతుండగానే దండెం మీద వేశాను. సాయంత్రం తీసి చూద్దును కదా, చేతులు వేళ్లు దాటి కిందికి వేలాడుతున్నాయి, కింది అంచు మోకాళ్లకి తగులుతోంది. "వదినా, ఇది నాకల్లావా, మీ తమ్ముడికి నైటీ అల్లావా" అంది. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా ఆ మాట ఎత్తుతుంది.

తప్పు దండెం మీద వేసినందుకు ఒకటి, ముందుగా తూకం చూడనందుకు ఒకటి. కాటన్ బరువైన దారం, పైగా ఊలులాగా సాగి మళ్లీ వెనక్కి పోయే గుణం దానికి లేదు. తడిస్తే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. ఆ నీళ్ల బరువంతా కుట్లని కిందికి లాగి అక్కడే వదిలేస్తుంది. అందుకే ఏ స్వెటరైనా నీళ్లు పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నవారు మంచం మీద ఇంకో పొడి తువ్వాలు పరిచి, దాని మీద ఆకారానికి సర్ది ఆరబెట్టాలి. నవారు సందుల్లోంచి కింద నుంచి కూడా గాలి తగులుతుంది, మన తేమకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు. వానాకాలంలో ఫ్యాన్ కింద పెట్టినా రెండు రోజులు పడుతుంది, మధ్యలో ఒకసారి తిరగెయ్యండి.

కానీ అసలు జాగ్రత్త అల్లకముందే తీసుకోవాలి. సాంపిల్ ముక్క అల్లడం. లేసు వాళ్లం దీన్ని పట్టించుకోం, ఎందుకంటే టేబుల్ క్లాత్ అర అంగుళం అటూ ఇటూ అయినా బల్ల ఏమీ అనదు. స్వెటర్ దగ్గర ఆ లెక్క చూడండి. మీ ఛాతీ చుట్టుకొలత 38 అంగుళాలు, కాస్త వదులుకి 2 కలిపి 40 కావాలి. ప్యాటర్న్‌లో 4 అంగుళాలకి 14 కుట్లు అని ఉంది, అంటే అంగుళానికి మూడున్నర, మొత్తం 140 కుట్లు. మీ చేతికి 4 అంగుళాలకి 13 కుట్లే పడుతున్నాయనుకోండి. ఒక్క కుట్టేగా అనిపిస్తుంది. అవే 140 కుట్లు ఇప్పుడు 43 అంగుళాలు అవుతాయి. మూడంగుళాలు తేడా. 15 పడితే 37 చిల్లర, అంటే మీ ఛాతీకన్నా చిన్నది, గుండీలు పెట్టుకోలేరు.

ముక్క 6 అంగుళాల చదరం అల్లండి, మధ్యలో 4 అంగుళాలే కొలవండి, అంచుల్లో కుట్లు నిజం చెప్పవు. కొలిచి రాసుకోండి. తర్వాత దాన్ని స్వెటర్‌ని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి ఆరబెట్టండి. ఆరాక పై అంచుకి రెండు క్లిప్పులు పెట్టి తగిలించి, కింది అంచుకి ఇంకో నాలుగు క్లిప్పులు బరువుకి పెట్టి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్న మళ్లీ కొలవండి. రాసుకోవాల్సింది ఈ రెండో కొలతే. పొడవు 6 ఉన్నది ఆరున్నర అయితే, 22 అంగుళాల స్వెటర్ 24 దగ్గరికి పోతుందన్నమాట. కనుక 20 అంగుళాలకే ఆపాలి. మీ కాటన్ స్వెటర్‌కి ఈ ఒక్క రాత్రి ఇచ్చుంటే చాలు.

ఆ ముక్కతోనే ఇంకో పనుంది. దాన్ని తూకం వెయ్యండి. మా అమ్మకి దారం తూచి ఇచ్చేవారు, లేసు తూచి తీసుకునేవారు. అర తులం తగ్గినా లెక్క అడిగేవారు, ఒకసారి పిల్లి లాక్కుపోయిన ఉండకి కూడా కూలి కోసుకున్నారు. ఆ తూకం మీద నాకు చిన్నప్పుడు చాలా కోపం ఉండేది. ఇప్పుడు స్వెటర్‌కి ఎంత దారం కావాలో తెలుసుకోడానికి అదే పనికొస్తోంది. మీ 6 అంగుళాల ముక్క, అంటే 36 చదరపు అంగుళాలు, 12 గ్రాములు తూగిందనుకోండి. చదరపు అంగుళానికి గ్రాములో మూడోవంతు. ఒళ్లు చుట్టూ 40, పొడవు 22 అయితే 880. చేతులు ఒక్కోటి సగటున 14 వెడల్పు, 17 పొడవు, రెండూ కలిపి 476. మొత్తం 1356 చదరపు అంగుళాలు, మూడో వంతు చేస్తే 452 గ్రాములు. మెడ, అంచుపట్టీలు, కొసలు, విప్పి అల్లినవి అన్నీ కలిపి ఇంకో 15 శాతం వేసుకుంటే 520. అంటే 100 గ్రాముల ఉండలు ఆరు కొనండి. ఆరూ ఒకే లాట్ నంబరువి చూసి కొనండి. తర్వాత తెచ్చిన ఉండ షాపు దీపం కింద ఒకే రంగులా కనిపిస్తుంది, ఇంటికొచ్చి పగటి వెలుతురులో చూస్తే ఎడమ చెయ్యి ఒక రంగు, కుడి చెయ్యి ఒక రంగు.

ఒక మాట, క్రోషే బట్ట రెండు సూదుల అల్లికకన్నా దారం ఎక్కువ తింటుంది, దాదాపు మూడోవంతు. నిటింగ్ ప్యాటర్న్‌లో రాసిన గ్రాములు చూసి కొనకండి.

కాటన్‌తో అల్లేటప్పుడు అతుకులు ఉంచుకోండి. యూట్యూబ్‌లో అందరూ అతుకు లేకుండా మెడ నుంచి కిందికి ఒకే ముక్కగా అల్లడం చూపిస్తున్నారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నడుమ నడుమ తొడుక్కుని చూసుకోవచ్చు కూడా. యాక్రిలిక్‌కైతే, అంటే ఊలులా కనిపించే ప్లాస్టిక్ దారానికైతే, నేనూ అలాగే అల్లుతాను. కాటన్‌కి మాత్రం భుజాల దగ్గర, పక్కల్లో గట్టి అతుకు ఉంటేనే బరువు ఆగుతుంది. వెనక మెడ చుట్టూ, భుజం మీదుగా లోపలి వైపు ఒక వరస స్లిప్ స్టిచ్, అంటే ఎత్తు లేని జారుడు కుట్టు, వేసెయ్యండి, మెడ వెడల్పు అవడం ఆగుతుంది. మీకు అతుకుపని ఎలాగూ చేతివాటమే. పువ్వులు పువ్వులుగా అల్లి అతికితే టాపు వచ్చేస్తుంది, సైజు మార్చాలంటే హుక్కు మారిస్తే చాలు, పెద్ద లెక్కలు అక్కర్లేదు. కొత్తవాళ్లకి చతురస్రాలంటారు గానీ, మీలాంటి వాళ్లకి నేను షడ్భుజి స్వెటర్ చెబుతాను. ఆరు మూలల ముక్క, మధ్య నుంచి చుట్టూ అల్లుకుంటూ పోవడమే. నేల మీద పరిస్తే సరిగా పరుచుకోక అలలు అలలుగా లేస్తుంది, పాడైందేమో అనిపిస్తుంది. పాడవలేదు. దాన్ని మడిస్తే ఎల్ ఆకారం వస్తుంది, ఒక చెయ్యీ, సగం ఒళ్లూ. అలాంటివి రెండు అల్లి వీపు మధ్యలో కలిపితే స్వెటర్. మీ మొదటి స్వెటర్‌కి ఇది పెట్టుకోండి.

దారం విషయానికొస్తే, మన దగ్గర చలి ఎన్నాళ్లండీ, ధనుర్మాసం, సంక్రాంతి కలిపి. ఇక్కడే వేసుకునేదైతే సన్నటి కాటన్, 4 ప్లై, పెద్ద కన్నాల కుట్టుతో. బరువు తగ్గితే సాగడమూ తగ్గుతుంది. బెంగళూరులో, అమెరికాలో పిల్లలకి పంపేదైతే యాక్రిలిక్ చాలు, తేలిక, మిషన్‌లో వేసినా తట్టుకుంటుంది. అసలు గొర్రె ఊలు మన డెల్టాలో వద్దు, పురుగు పడుతుంది, బూజు వాసన వస్తుంది. పసిపిల్లలకైతే కాటనే, అదీ వేళ్లు ఇరుక్కునే కన్నాలు లేకుండా దగ్గరి కుట్టుతో.

యాక్రిలిక్‌కి ఇస్త్రీ చెయ్యొద్దు, చేయించొద్దు. మా అబ్బాయి కాలేజీకి వెళ్తుంటే అల్లిన నీలం స్వెటర్‌ని మావారు మిగతా బట్టలతో కలిపి ఇస్త్రీకి వేసేశారు. బొగ్గుల పెట్టె ఒకసారి తగిలిందంతే, వీపు భాగం మెరుస్తూ, జావలా జారిపోయి తిరిగొచ్చింది. ప్లాస్టిక్ కదా, వేడికి దాని సాగే గుణం చచ్చిపోతుంది, మళ్లీ రాదు.

అంచుపట్టీల గురించి ఎవరైనా వేరే అడిగితే అక్కడ వివరంగా రాస్తాను. ప్రస్తుతానికి కుట్టు తల మీద కనిపించే రెండు పోగుల్లో వెనక పోగులోంచి మాత్రమే అల్లితే చారలు చారలుగా వచ్చి కాస్త సాగుతుంది, మణికట్టుకి అది చాలు.

ఇక అమ్మకం. అమ్మకానికొచ్చే అసలు క్రోషే చేత్తో అల్లిందే, ఆ కుట్టుతో బట్టలు తయారుచేసే మిషను బజారులోకి ఇంకా రాలేదు. అంటే షాపులో 500 రూపాయలకి దొరికే టాపు కూడా, అది నిజమైన క్రోషే అయితే, ఎవరో ఒకావిడ నడుం నొప్పి పెట్టుకుని అల్లిందే. ఆ ధరతో మనం పోటీ పడితే మళ్లీ మా అమ్మ కూలికే వస్తాం. మామూలు చేతికి పెద్దవాళ్ల స్వెటర్ యాభై అరవై గంటల పని. గంటకి 50 రూపాయలు వేసుకున్నా, దారం ఖర్చు కలిపితే మూడు నాలుగు వేలు అవుతుంది. మన ఊళ్లో ఎవరిస్తారు? చుట్టాలైతే "ఊరికే కూర్చుని అల్లేదేగా" అంటారు కూడా. కనుక పెద్ద స్వెటర్లు అమ్మకానికి పెట్టుకోకండి. పసిపిల్లల టోపీ, స్వెటర్ సెట్లు, చీరల మీదకి వేసుకునే చిన్న కోట్లు, జాకెట్టు చేతులకి అంచులు, ఇవి రెండు మూడు రోజుల్లో అవుతాయి, సీమంతాలకీ బారసాలకీ అడిగి తీసుకుంటారు. ముందు సగం డబ్బు తీసుకుని మొదలుపెట్టండి. మొహమాటపడితే దారం డబ్బులు కూడా రావు, ఇది అనుభవం మీద చెబుతున్నాను.

తొడల దాకా సాగిన ఆ కాటన్ స్వెటర్ పారెయ్యకండి. కింది నుంచి అల్లుంటే చివర పూర్తయింది భుజాల దగ్గర, అక్కణ్నుంచి విప్పాలి. పైనుంచి అల్లుంటే కింద కొస ఇప్పి ఆరేడు అంగుళాలు తీసేసి అంచుపట్టీ మళ్లీ వేస్తే సరిపోతుంది. మొత్తం విప్పాల్సొస్తే దారం కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తడిపి ఆరబెడితే వంకరలు పోతాయి. దాంతోనే 6 అంగుళాల ముక్క అల్లి, ఉతికి, ఒక రాత్రి వేలాడదీసి, కుట్లు ఎన్ని పడ్డాయో, ఎన్ని గ్రాములు తూగిందో ఇక్కడ రాయండి. షడ్భుజి ఎన్ని వరసలు అల్లాలో లెక్క వేసి పెడతాను.